గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో అన్న దగ్గరికి

1994 జులై మొదట్లో ఒకరోజు. అమెరికా నడిమధ్యలో ఉన్న అయోవా రాష్ట్రంలో లారెన్స్ అనే చిన్న ఊరు. జనాభా పదిహేను వందలు అటూ ఇటూ. ఊరు దాటితే కనుచూపు మేర మొక్కజొన్న చేలు, సోయా చేలు, వాటి మధ్య వంపు లేకుండా సాగిపోయే రోడ్డు.

ఆ రోడ్డు మీదికి ఒక గడ్డి కోసే యంత్రం వచ్చింది. ఇంటిముందు పచ్చిక కోసుకోవడానికి సీటు మీద కూర్చుని నడుపుకునే చిన్న బండి అది. 1966 నాటి జాన్‌డీర్. మన పొలాల్లో ట్రాక్టర్ల మీద కనిపించే పేరే. దాని వెనక పదడుగుల ట్రైలర్. అందులో పెట్రోలు, బట్టలు, తిండి సామాను, రాత్రిపూట ఆరుబయట పడుకోవడానికి కావలసిన సరంజామా. సీటు మీద 73 ఏళ్ల పెద్దాయన. పేరు ఆల్విన్ స్ట్రెయిట్. రెండో ప్రపంచ యుద్ధంలో, ఆ తర్వాత కొరియా యుద్ధంలో పనిచేసి వచ్చిన మాజీ సైనికుడు.

ఆయన వెళ్లాల్సింది పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో బ్లూ రివర్ అనే ఊరి దగ్గరికి. దూరం 240 మైళ్లు, అంటే 386 కిలోమీటర్లు. కారులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళకు చేరిపోవచ్చు. ఆల్విన్ బండి మాత్రం ఎంత తోలినా గంటకు 5 మైళ్లు దాటదు. ఎనిమిది కిలోమీటర్లు. పక్కన ఎవరైనా కుర్రాడు పరుగందుకుంటే దాన్ని దాటేసి పోతాడు.

బ్లూ రివర్ దగ్గర ఆయన అన్న హెన్రీ ఉంటున్నాడు. వయసు 80. పక్షవాతం వచ్చిందని కబురు అందింది.

ఆల్విన్ ఆరోగ్యమూ అంతంత మాత్రమే. చూపు మందగించింది, అందుకే కారు నడపడానికి లైసెన్సు లేదు. గడ్డి కోసే యంత్రానికి లైసెన్సు అక్కర్లేదు. తన దగ్గర ఉన్నది అదే, తను నడపగలిగింది అదే. అన్నను చూడాలి. అంతకుమించి ఆయన దగ్గర వేరే పథకం లేదు.

నాలుగు రోజులు, ముప్ఫైనాలుగు కిలోమీటర్లు

ఆ బండి మీద ప్రయాణం ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించండి. నెత్తి మీద నీడ ఉండదు. ముందు అద్దం ఉండదు. జులై ఎండ నేరుగా మీద పడుతుంది. రోడ్డులో ప్రతి గతుకూ సీటులోంచి నడుముకు తెలుస్తుంది. ధాన్యం లారీ ఒకటి పక్కనుంచి పోతే ఆ గాలికి చిన్న బండి అదురుతుంది. అదిరినప్పుడల్లా అంచుకు జరగాలి, మళ్లీ దారిలోకి రావాలి. చీకటి పడేలోపు ఎక్కడో ఒకచోట ఆగి, పడక సర్దుకోవాలి. పొద్దున లేచి మళ్లీ అదే సీటు.

నాలుగు రోజులు గడిచేసరికి ఆల్విన్ వెళ్లింది 21 మైళ్లు. ముప్ఫైనాలుగు కిలోమీటర్లు. వెస్ట్‌బెండ్ అనే ఊళ్లో బండి మొరాయించింది.

ఇంజిన్ పాయింట్లు పోయాయి. కండెన్సర్ పోయింది. ప్లగ్గులు, జనరేటర్, స్టార్టర్, అన్నీ మార్చాల్సి వచ్చింది. ఖర్చు 250 డాలర్లు. ప్రభుత్వం నెలనెలా పంపే సోషల్ సెక్యూరిటీ చెక్కు మీద బతికే మనిషికి అది చిన్న మొత్తం కాదు. నిజానికి ఇంటికి తిరిగిపోవడానికి అంతకంటే మంచి సాకు దొరకదు కూడా. ఊరు ఇంకా దగ్గర్లోనే ఉంది. ప్రయత్నం చేశాను, బండి సహకరించలేదు అంటే ఎవరూ తప్పు పట్టరు. అన్న కూడా పట్టడు.

ఆల్విన్ 250 డాలర్లు కట్టాడు. బండి బాగు చేయించుకున్నాడు. తూర్పుకే తిప్పాడు.

బండి ఆగిన ఆ వెస్ట్‌బెండ్‌కు ఒక ప్రత్యేకత ఉంది. పాప విమోచన పేరిట కట్టిన పెద్ద రాతి గుహాలయం ఆ ఊళ్లో ఉంది. జర్మనీ నుంచి వచ్చిన పాల్ డాబర్‌స్టైన్ అనే ఫాదర్ దాన్ని కట్టాడు. చదువుకునే రోజుల్లో న్యుమోనియాతో చావు అంచుల దాకా వెళ్లి, బతికితే మేరీమాతకు గుడి కడతానని మొక్కుకున్నాడట. 1912లో మొదలుపెట్టి, 1954లో కన్నుమూసేదాకా రాయి మీద రాయి పేరుస్తూనే ఉన్నాడు. రంగురంగుల ఖనిజాలు, రాయిగా మారిన చెట్టు మొద్దులు, స్ఫటికాలు, ఏది దొరికితే అది తెచ్చి సిమెంటులో పొదిగాడు. ఒక మొక్కు తీర్చుకోవడానికి నలభై రెండేళ్లు. ఆ ఊరి రోడ్డు మీద ఆల్విన్ బండి ఆగడం యాదృచ్ఛికమే. కానీ ఆ గుహాలయాన్నీ ఆ బండినీ కలిపి తలుచుకోకుండా ఉండలేను. రెండూ మనిషి ఓపిక మీద నడిచినవే.

చెక్కు కోసం ఎదురుచూపు

అక్కణ్నుంచి మరో 90 మైళ్లు సాగింది ప్రయాణం. దాదాపు 145 కిలోమీటర్లు. చార్లెస్ సిటీ చేరేసరికి చేతిలో డబ్బు అయిపోయింది.

ఇక చేయగలిగింది ఒక్కటే. ఆగస్టు చెక్కు వచ్చేదాకా ఆగడం. ఆల్విన్ అక్కడే మకాం వేశాడు. ఆరుబయటే తిండి, ఆరుబయటే నిద్ర. సగం దారి కూడా కాలేదు. అవతల అన్న పరిస్థితి రోజురోజుకూ ఎలా ఉంటుందో తెలియని వయసు, జబ్బు. ఇటు చూస్తే తను కదలడానికి లేదు.

పెద్ద ప్రయాణాల్లో మనకు గుర్తుండేది నడిచిన దూరం. నిజంగా మనిషిని పరీక్షించేది ఆగిన చోటు. కదులుతున్నంతసేపూ ఏదో చేస్తున్నామన్న ధైర్యం ఉంటుంది. ఆగినప్పుడు మనసు మాట్లాడటం మొదలుపెడుతుంది. ఎందుకొచ్చిన తిప్పలు ఇది? ఒక ఉత్తరం రాస్తే సరిపోయేది కదా? ఎవరినైనా తోడు అడిగి కారులో వెళ్తే అయిపోయేది కదా? ఈ ప్రశ్నలన్నింటినీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక ముసలాయన పోస్టు కోసం చూస్తూ కూర్చున్నాడు. చెక్కు వచ్చింది. బండి మళ్లీ కదిలింది.

అయోవా దాటాడు. మిసిసిపీ నది దాటాడు. విస్కాన్సిన్ కొండలు మొదలయ్యాయి. చదునైన నేల మీద నడవడానికే ఆయాసపడే బండికి ఇక్కడ ఎగుడూ దిగుడూ తోడయ్యాయి.

ఆగస్టు 15. అన్న ఇల్లు ఇంకా రెండే మైళ్లు. అక్కడ బండి మళ్లీ చచ్చింది.

అటుగా పోతున్న ఒక రైతు ఆగాడు. సంగతి కనుక్కున్నాడు. ఇద్దరూ కలిసి బండిని తోసుకుంటూ హెన్రీ ఇంటిదాకా తీసుకెళ్లారు. మొత్తం ఆరు వారాల ప్రయాణం. చివరి రెండు మైళ్లూ ఒక అపరిచితుడి చేతి సాయంతో.

బండి నడిచే స్థితిలో లేదు, నడిపిన మనిషీ అలసిపోయాడు. తిరుగు ప్రయాణంలో ఆల్విన్‌ను బంధువొకాయన పికప్ ట్రక్కులో ఇంటికి చేర్చాడు. హెన్రీ పక్షవాతం నుంచి కోలుకున్నాడు. తర్వాత కుటుంబానికి దగ్గరగా ఉండటానికి అయోవాకే వచ్చేశాడు.

ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఈ కథ చెబుతున్నానేమో అనిపిస్తుంది. తమ్ముడు వెళ్లాడు, అన్న వచ్చేశాడు. ఎనభై ఏళ్ల వయసులో.

ఆల్విన్ పేరు పత్రికల్లో మారుమోగింది. టెక్సస్‌లోని ఒక వ్యవసాయ యంత్రాల కంపెనీ 17 హార్స్‌పవర్ కొత్త జాన్‌డీర్ గడ్డి కోసే యంత్రాన్ని, 5,000 డాలర్ల ఖరీదు చేసేదాన్ని, కానుకగా ఇచ్చింది. టీవీ కార్యక్రమాలకు రమ్మని పిలుపులు వచ్చాయి. ఆయన వెళ్లలేదు. తను చేసింది జనం చూడటానికి చేసిన పని కాదు మరి. 1996 నవంబరు 9న, 76 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. శ్మశానానికి వెళ్లే ఊరేగింపులో ఆయన నడిపిన బండిలాంటిదే ఒక గడ్డి కోసే యంత్రం కూడా వెంట నడిచింది.

పత్రికలో చదివిన వార్త వదిలిపెట్టలేదు

1994 వేసవిలోనే ఆల్విన్ వార్త న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. దాన్ని మేరీ స్వీనీ చదివింది. ఆమె సినిమా ఎడిటర్. దర్శకుడు డేవిడ్ లించ్ సినిమాలకు ఎడిటింగ్ చేసేది. పుట్టి పెరిగింది విస్కాన్సిన్‌లోనే. ఆ నేల, ఆ మనుషుల తీరు ఆమెకు కొత్త కాదు. ఆ వార్త ఆమెను వదల్లేదు. కథ హక్కులు మాత్రం వెంటనే దొరకలేదు. ఆల్విన్ మరణం తర్వాత గానీ దారి దొరకలేదు.

చిన్ననాటి స్నేహితుడు జాన్ రోచ్‌తో కలిసి ఆమె స్క్రిప్టు రాసింది. ఇద్దరూ ఆల్విన్ వెళ్లిన దారిలో వెళ్లారు, ఆయన తెలిసినవాళ్లతో మాట్లాడారు. స్క్రిప్టు లించ్ చేతికి వెళ్లింది. అప్పటిదాకా ఆయన పేరు చెబితే 'ఇరేజర్‌హెడ్', 'బ్లూ వెల్వెట్' లాంటి చీకటి కలల సినిమాలే గుర్తొచ్చేవి. ఈ కథ తన దారి కాదని మొదట్లో అనుకున్న లించ్, స్క్రిప్టు చదివాక తానే తీస్తానన్నాడు. ఆయన పుట్టిందీ ఆల్విన్ పుట్టిన మొంటానా రాష్ట్రంలోనే.

డబ్బు హాలీవుడ్ స్టూడియోల నుంచి రాలేదు. ఫ్రాన్స్, బ్రిటన్ సంస్థలు కలిసి పెట్టాయి. ఖర్చు దాదాపు కోటి డాలర్లు. 1998 శరదృతువులో చిత్రీకరణ ఆల్విన్ ప్రయాణించిన దారి వెంటే సాగింది. మామూలుగా సినిమాను ముక్కలు ముక్కలుగా, వీలును బట్టి ముందూ వెనకా తీస్తారు. లించ్ కథ నడిచిన వరుసలోనే తీసుకుంటూ వెళ్లాడు. లారెన్స్‌లో మొదలుపెట్టి తూర్పుకు. అందుకే సినిమాలో పొలాల రంగు నిజంగానే మారుతూ వస్తుంది. పచ్చగా మొదలైన దారి బంగారు వన్నెకు తిరుగుతుంది. కెమెరా వెనక ఉన్నది రెండుసార్లు ఆస్కార్ గెలిచిన ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్. అప్పటికి ఆయన వయసూ 80.

1999లో 'ద స్ట్రెయిట్ స్టోరీ' కాన్స్ చిత్రోత్సవంలో పోటీ విభాగంలో ప్రదర్శనకు వచ్చింది. అమెరికాలో విడుదల బాధ్యత డిస్నీ తీసుకుంది. లించ్ సినిమా చిన్న పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ చూడొచ్చన్న సర్టిఫికెట్‌తో రావడం చాలామందికి నమ్మశక్యం కాలేదు. థియేటర్లలో పెద్దగా డబ్బు రాలేదు. అమెరికాలో వసూలు 60 లక్షల డాలర్ల పైచిలుకు, అంటే ఖర్చు కూడా తిరిగిరాలేదు. అయినా చూసినవాళ్లు దాన్ని మరిచిపోలేదు.

పదేళ్ల మౌనం

తెర మీద కొన్ని పేర్లు మారాయి. హెన్రీ లైల్ అయ్యాడు. ఆయన ఉండే చోటు మౌంట్ జయాన్ అయింది. సినిమా కథకు ఒక గాయాన్ని కేంద్రంగా పెట్టుకుంది. అన్నదమ్ములిద్దరికీ పదేళ్లుగా మాటల్లేవు.

కబురు వచ్చే సన్నివేశం చూడండి. బయట ఉరుములు, మెరుపులు. ఆల్విన్ కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తున్నాడు. పక్క గదిలో ఫోన్ మోగుతుంది. కూతురు రోజ్ ఎత్తుతుంది. ఆమెకు మాట తడబడుతుంది, పాత్రకు ప్రాణం పోసింది సిసీ స్పేసెక్. పెదనాన్న అన్న వరుస మాట వినపడగానే ఆల్విన్ ముఖంలో ఒక్కసారిగా ఏదో కదులుతుంది. కెమెరా ఆ ముఖాన్నే చూస్తూ ఉంటుంది. మెరుపు మెరిసినప్పుడల్లా కిటికీ మీది వాననీడ ఆ ముడతల మీదుగా జారుతుంది. ఆయన ఒక్క మాటా అనడు. పదేళ్ల పంతం ఆ నిమిషంలోనే కరిగిపోయిందని చూసేవాడికి అర్థమైపోతుంది.

సినిమాలో ఊరి పెద్దమనుషులు ఆయన్ను ఎగతాళి చేస్తారు. వెస్ట్‌బెండ్ గుహాలయం కూడా దాటలేవు పొమ్మంటారు. వాళ్లన్నట్టే మొదటి బండి చెడిపోతుంది, లారీ మీద వేసుకుని ఇంటికి రావాల్సి వస్తుంది. ఆయన వెళ్లి జాన్‌డీర్ కొనుక్కుని మళ్లీ బయల్దేరతాడు.

ఆయన వేగం ఎంతో లించ్ ఒక్క షాట్‌లో చూపిస్తాడు. రోడ్డు మీద బండి వీపు మనకు కనిపిస్తుంది. కెమెరా నెమ్మదిగా ఆకాశంలోకి లేస్తుంది. మబ్బుల్ని చూస్తూ కాసేపు నిలబడుతుంది. చాలాసేపైంది, ఆల్విన్ దూరం పోయి ఉంటాడు అనుకుంటాం. కెమెరా కిందికి దిగుతుంది. బండి ఇంకా అక్కడే ఉంది. నాలుగు బారలు జరిగిందంతే. హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వులోనే ఆ ముసలాయన మీద గౌరవం పుడుతుంది.

దారిలో ఎందరో తగులుతారు. ఇంట్లోవాళ్లకు భయపడి పారిపోయి వచ్చిన గర్భవతి అయిన అమ్మాయి ఒక రాత్రి ఆయన మంట దగ్గర కూర్చుంటుంది. తన పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఆడించిన ఆట ఆయన చెబుతాడు. ఒక్క పుల్ల ఇస్తే విరిచేస్తారు. పుల్లలన్నీ కట్టగా కట్టి ఇస్తే విరవలేరు. ఆ కట్టే కుటుంబం అంటాడు. కట్టెల మోపు కథ వింటూ పెరిగిన మనకు ఇది కొత్త కాదు. తెల్లారి ఆయన లేచేసరికి అమ్మాయి లేదు. ఆమె కూర్చున్న చోట పుల్లల కట్ట ఉంది. ఆమె ఎటు వెళ్లిందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకో చోట కొండ దిగువకు బండి పట్టు తప్పి దూసుకుపోతుంది. బతికి బయటపడి, దగ్గర్లో ఒక ఇంటి పెరట్లో మకాం వేస్తాడు. ఆ ఇంటాయన మంచివాడు. కారులో దింపుతాను రమ్మంటాడు. ఆల్విన్ మర్యాదగానే వద్దంటాడు. మొదలుపెట్టిన పద్ధతిలోనే పూర్తి చేసుకుంటానంటాడు. ఫోన్ చేసుకోవాలంటే ఇంట్లోకి కూడా అడుగుపెట్టడు, గుమ్మం బయటే నిలబడి మాట్లాడతాడు. మాట్లాడాక, దూరం కాల్‌కు అయిన డబ్బు ఫోన్ దగ్గర పెట్టి వెళ్తాడు. ఎవరి రుణమూ ఉంచుకోని ఆ మనిషి మోస్తున్న రుణం అన్నదొక్కటే.

గమ్యం దగ్గర పడ్డాక ఒక రాత్రి శ్మశానం పక్కన ఆగుతాడు. అక్కడి ఫాదర్ వచ్చి పలకరిస్తాడు. లైల్‌ను ఆసుపత్రిలో చూశానని, తనకో తమ్ముడున్నాడని ఆయన చెప్పలేదని అంటాడు. చాలాకాలంగా ఇద్దరికీ తోడబుట్టినవాడు లేనట్టే గడిచిందని ఆల్విన్ ఒప్పుకుంటాడు. గొడవకు కారణం కోపం, అహం, వాటికి తోడు తాగుడు. ఎవరు ముందు అన్నారు, ఎవరు ఎక్కువ అన్నారు, ఇవేవీ ఇప్పుడు ఆయనకు పట్టవు. చిన్నప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చుక్కల్ని చూసేవాళ్లు. మళ్లీ అలా కూర్చోవాలి. ఆయనకు కావలసింది అంతే.

ఒంట్లో జబ్బుతో బండెక్కిన నటుడు

ఆల్విన్ పాత్ర వేసింది రిచర్డ్ ఫార్న్స్‌వర్త్. ఆయన కథా అలాంటిదే. 1937లో కుర్రాడిగా స్టంట్‌మన్‌గా చేరి, దాదాపు నలభై ఏళ్లు హాలీవుడ్‌లో గుర్రాల మీద నుంచి పడుతూ లేస్తూ బతికాడు. మాటలున్న పాత్రలు వచ్చింది వయసు మళ్లాకే. 1920లో పుట్టాడు. అసలు ఆల్విన్ పుట్టిందీ ఆ ఏడాదే. ఇద్దరి మధ్యా కొద్ది వారాల తేడా.

ఈ సినిమా నాటికి ఆయనకు క్యాన్సర్ ముదిరింది. ఎముకలకు పాకింది. కాళ్లు సరిగా మాట వినడం లేదు. అయినా ఆల్విన్ మీది గౌరవంతో ఒప్పుకున్నాడు. తెర మీద రెండు కర్రలు ఊనుకుని, ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటున్నట్టు ఆయన నడుస్తుంటే అందులో నటన ఎంతో, నిజమైన నొప్పి ఎంతో విడదీయలేం. ఆ నడకకు అమెరికా స్వతంత్ర చిత్రాల పురస్కారాల్లో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. 79 ఏళ్ల వయసులో ఆస్కార్ ఉత్తమ నటుడి నామినేషన్ కూడా వచ్చింది. ఆ విభాగంలో అప్పటికి అందరికంటే పెద్ద వయసువాడు ఆయనే. రెండు దశాబ్దాలకు పైగా ఆ రికార్డు నిలిచింది. ఆ నామినేషన్ వచ్చిన 2000 సంవత్సరంలోనే, అక్టోబరులో, ఆయన ఈ లోకాన్ని విడిచాడు. లించ్ 2025 జనవరిలో వెళ్లిపోయాడు.

గుమ్మం ముందు

సినిమా చివరికి ఆల్విన్ అన్న ఇంటికి చేరతాడు. పాత చెక్క ఇల్లు, చుట్టూ చెట్లు. బండి దిగి అన్నను పేరు పెట్టి పిలుస్తాడు. జవాబు రాదు. చూసేవాడి గుండె ఆగినంత పని అవుతుంది. మళ్లీ పిలుస్తాడు. లోపలి నుంచి అతని పేరు పెట్టి ఒక గొంతు పలుకుతుంది.

లైల్ వాకర్ పట్టుకుని బయటికి వస్తాడు. ఆ పాత్ర వేసిన హ్యారీ డీన్ స్టాంటన్ సినిమా మొత్తం మీద కనిపించేది ఆ కొద్ది నిమిషాలే. కూర్చోమంటాడు. ఇద్దరూ వసారాలో కూర్చుంటారు. లైల్ చూపు తమ్ముడి ముఖం మీంచి జరిగి వాకిట్లో నిలబెట్టిన ఆ చిన్న బండి మీద పడుతుంది. దుమ్ము కొట్టుకుపోయిన ట్రైలర్ మీద పడుతుంది. అప్పుడు ఆయనకు లెక్క అందుతుంది. ఎన్ని రోజులు, ఎన్ని రాత్రులు, ఎంత దూరం. పెదవి వణుకుతుంది. కళ్లు నిండుతాయి. నా కోసం దాని మీద వచ్చావా అని అడుగుతాడు. వచ్చానంటాడు తమ్ముడు. ఆ తర్వాత ఇద్దరూ తలెత్తి ఆకాశం వైపు చూస్తారు.

క్షమించమని ఒకరు అడగలేదు. క్షమించానని ఇంకొకరు అనలేదు. అడగాల్సినదంతా ఆ బండి అడిగేసింది.

నాకు ఈ కథ చెప్పే సంగతి ఇది. మనస్పర్థలు వచ్చిన తోడబుట్టినవాళ్లు రాజీ కోసం ఎదురుచూసేది మాటల దగ్గరే. ముందు వాడు తప్పు ఒప్పుకోవాలి, ముందు వాడు ఫోన్ చేయాలి, ముందు ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఈ 'ముందు'ల్లోనే ఏళ్లు గడిచిపోతాయి. పెళ్లిళ్లకు పిలుపులుండవు, పురుళ్లకు రాకపోకలుండవు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు ఎరగకుండా పెరుగుతారు. ఆఖరికి ఎవరో ఒకరు మంచాన పడ్డారని తెలిశాక పరుగెత్తుతాం. కొందరికి ఆ పరుగుకూ సమయం చాలదు. తప్పు ఎవరిదన్న లెక్క తేలాకే వెళ్దామనుకుంటే ఆ లెక్క ఏనాటికీ తేలదు. పాత మాటల్లో ఎవరి వాటా ఎంతో తేల్చే తూకపు రాళ్లు ఏ అంగడిలోనూ దొరకవు.

ఆల్విన్ ఆ లెక్క జోలికి పోలేదు. వెళ్లడం అనే పని పెట్టుకున్నాడు. కారులో దింపుతానన్నవాణ్ని వద్దన్న తెర మీది ఆల్విన్‌ది మొండితనంలా కనిపిస్తుంది గానీ అందులో గొప్ప తెలివి ఉంది. పదేళ్ల దూరాన్ని నాలుగు గంటల్లో దాటి గుమ్మం తడితే, నోట్లోంచి మళ్లీ పాత మాటే రావచ్చు. వారాల తరబడి ఎండలో, వానలో, చెడిపోయిన బండి పక్కన కూర్చున్నవాడి దగ్గర ఆ పాత మాటకు చోటు మిగలదు. అసలు ఆల్విన్ నడిచిన దారి కూడా అదే పాఠం చెబుతుంది. వెస్ట్‌బెండ్‌లో కట్టిన 250 డాలర్లు, చార్లెస్ సిటీలో చెక్కు కోసం గడిపిన రోజులు, చివరి రెండు మైళ్లలో ముక్కూ మొహం తెలియని రైతు పట్టిన చెయ్యి, ఇవన్నీ అన్నకు ఇచ్చిన జవాబులే. నీకోసం నేను ఇంత పడ్డాను అని నోటితో చెబితే అది దెప్పిపొడుపు అవుతుంది. పడి, ఏమీ చెప్పకుండా గుమ్మం ముందు నిలబడితే అది క్షమాపణ అవుతుంది.

నిజ జీవితంలో ఆ ప్రయాణానికి ఫలం కూడా దక్కింది. హెన్రీ కోలుకుని అయోవాకు, తనవాళ్ల దగ్గరికి వచ్చేశాడు. ఆ తర్వాత రెండేళ్లకే ఆల్విన్ వెళ్లిపోయాడు. 1994 వేసవిలో ఆయన బండి బాగాలేదని, చూపు సహకరించడం లేదని, వచ్చే ఏడాది చూద్దామని ఆగిపోయి ఉంటే ఆ రెండేళ్లు ఇద్దరికీ దక్కేవో లేదో. మీకు కూడా మాటలాగిపోయిన అన్నో, తమ్ముడో, అక్కో, చెల్లో ఉంటే, వాళ్ల ఊరు గడ్డి కోసే యంత్రం మీద వెళ్లాల్సినంత దూరంలో ఉండి ఉండదు. బస్సుంది, రైలుంది. ఎవరు ముందన్న ప్రశ్నను ఇంట్లో వదిలిపెట్టి ఈ వారమే బయల్దేరండి. ఏం మాట్లాడాలో తోచకపోయినా ఫర్వాలేదు. మీరు వచ్చారన్నది వాళ్లకు కనిపిస్తే చాలు.